పెళ్లయి పిల్లలు పెద్దయ్యాక మళ్లీ డిగ్రీ

ఈ వయసులో చదువు ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, మనలాంటివాళ్ల కోసమే ఒక యూనివర్సిటీ పెట్టారు. 1982లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి అంబేద్కర్ గారి పేరు పెట్టారు. దేశమంతటికీ ఉన్న ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది 1985లో, రెండిటికీ మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే. అప్పట్లో ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేలా దారి తెరిచారు, ఇది ఎంత పెద్ద విషయమో బడి మధ్యలో ఆగిపోయినవాళ్లకే తెలుస్తుంది.

నేను బీఏలో ఎకనామిక్స్ తీసుకున్నాను. పద్దెనిమిదేళ్లప్పుడైతే ద్రవ్యోల్బణం (ధరలు పెరుగుతూ పోవడం) అంటే పరీక్ష కోసం బట్టీ పట్టే నాలుగు లైన్లు, ఇప్పుడు మాత్రం ఇన్నేళ్లు గ్యాస్ బండ, పప్పులు, పిల్లల ఫీజులు లెక్కేసుకుంటూ ఇల్లు నడిపాక ఆ పాఠం చదువుతుంటే ప్రతి వాక్యం నా ఇంటి గురించే రాసినట్టుంది, పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాదు. పాఠాలు తెలుగులోనే ఉండటం నాకు పెద్ద బలం.

పరీక్షలంటే టెన్షన్ ఉంది, చెయ్యి రాయడం మరిచిపోయింది కాబట్టి రోజూ రాత్రి కాసేపు రాస్తున్నాను. ఇంట్లో అమ్మో, అక్కో, వదినో చదువుకుంటానంటే నవ్వకండి, పరీక్షల రోజుల్లో వంట మీరు చేయండి.