ఒకే అర్జీలో రెండు గోడులు వద్దు

బడ్జెట్ సమావేశాలు దగ్గర పడితే బెంగళూరులో తెలుగు చర్చిల పెద్దలు, మసీదు కమిటీలవాళ్లు ఎమ్మెల్యే ఆఫీసుకు అర్జీ పట్టుకెళ్లడం మామూలే. ఆ కాగితంలో రేషను, పింఛను, సమాధుల స్థలం, ప్రార్థనకు అడ్డంకులు, మత మార్పిడి చట్టం అన్నీ కలిపి ఉంటే పని చెడినట్టే. గుమాస్తా మొదటి నాలుగు లైన్లు చూసి ఒక శాఖకు పంపేస్తాడు. కర్ణాటకలో రేషను చూసేది ఆహార శాఖ, సామాజిక పింఛన్లు రెవెన్యూ శాఖ. మత మార్పిడి చట్టం వీటిలో దేనికీ చెందదు. మొదటి లైను రేషను గురించైతే మిగతావన్నీ ఆహార శాఖ ఫైల్లో నిద్రపోతాయి. కాబట్టి ఒక్కో శాఖకు ఒక్కో కాగితం, ఒక పేజీ, ఒకే కోరిక.

రేషను కాగితంలో "మా సంఘం విధవరాళ్లకు" అని రాయకండి. వార్డులో ఎవరికి ఆగినా రాయండి, వేరే మతంవాళ్లైనా సరే. పక్క గుడి కమిటీ, మసీదు కమిటీ సంతకాలు కూడా ఉంటే ఆ కాగితాన్ని ఒక మతం గొడవగా కొట్టిపారేయడం కష్టం. రేషను డిపో నంబరు, ఆగిన నెల, వేలిముద్రల మిషను చూపించిన కారణం ఉండాలి. సిమెంటు పనివాళ్లకూ ముసలివాళ్లకూ చాలాసార్లు వేలిముద్రలు పడవు. ఆధార్ కుదరలేదని రేషను ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ ఉత్తరం సంగతి ఒక లైనులో పెట్టండి.

పింఛను విషయంలో ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. ఆ 200 దాదాపు రెండు దశాబ్దాలుగా కదల్లేదు (ఇదేం లెక్కో!). దాన్ని పెంచమని ఎమ్మెల్యేను అడిగి లాభం లేదు, ఆ కాగితం ఎంపీకి వెళ్లాలి. రాష్ట్రం కలిపే వాటా, ఆగిన నెలల బకాయిలు మాత్రం ఎమ్మెల్యే దగ్గర అడగాల్సినవే.

సంతకాల దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఆరాధనకు వచ్చే కూలీల్లో చాలామందికి ఓటు సొంత ఊళ్లోనే ఉంటుంది. ఎమ్మెల్యే మనిషి ముందు చూసేది అదే. సంతకాలను నియోజకవర్గం వారీగా వేరే షీట్లలో పెట్టి ఓటరు కార్డు నంబరు రాయించండి. ఆధార్ నంబరు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోవద్దు. ఊరి ఓటర్ల షీటు ఆ ఊరి ఎమ్మెల్యేకే పంపాలి. రేషనులోనూ తేడా ఉంది: కేంద్ర ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే ఆంధ్ర రేషను కార్డు మీద ఇక్కడ మనిషికి 5 కిలోలు తీసుకోవచ్చు, కర్ణాటక తనవాళ్లకు అదనంగా ఇచ్చేది రాదు. ఈ తేడా చెప్పకుండా సంతకాలు చేయిస్తే తర్వాత మాట పడేది మీరే.

ఏ అధికారికైనా అర్జీ తెలుగులో ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. అయినా కన్నడ ప్రతి జత చేయండి, ఫైలు కదిలేది దానితోనే.

ఇక మత స్వేచ్ఛ కాగితం. "మా హక్కులు కాలరాస్తున్నారు" అన్న వాక్యంతో ఎమ్మెల్యే చేయగలిగింది ఏమీ లేదు. చట్టంలో ఏ మాట ఇబ్బందో చూపించాలి. కర్ణాటక 2022 మత మార్పిడి చట్టాన్నే తీసుకోండి. అందులో ప్రలోభం అన్న మాట నిర్వచనంలో కానుకలు, ఉద్యోగంతో పాటు మత సంస్థ నడిపే బడిలో ఉచిత చదువు కూడా ఉంది. అంటే క్రిస్మస్‌కు పంచే బియ్యం సంచి, సాయంత్రం ఉచిత ట్యూషను కూడా ఎవరైనా ఫిర్యాదు చేస్తే అనుమానంలో పడొచ్చు. ఆ మాటలు తీసేయమని అడగడం అర్జీ అవుతుంది.

ఎవరికి ఇవ్వాలన్నది కూడా ఆ బిల్లు చరిత్రే చెబుతుంది. 2021 డిసెంబరులో బెళగావిలో శాసనసభ దాటింది కానీ పరిషత్తులో (మన శాసన మండలి లాంటి ఎగువ సభ) అధికార పక్షానికి బలం చాలక ఆగింది. 2022 మేలో ఆర్డినెన్స్ వచ్చింది, సెప్టెంబరులో గానీ పరిషత్తు దాటలేదు. ఆ మధ్య నెలల్లో 75 మంది పరిషత్తు సభ్యులే కీలకం. వాళ్లలో పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల సభ్యుల్ని మనవాళ్లు అసలు కలవరు. 2023 జూన్‌లో ఆ చట్టాన్ని రద్దు చేస్తామని మంత్రివర్గం నిర్ణయించింది. మంత్రివర్గం నిర్ణయంతో చట్టం పోదు, రద్దు బిల్లు రెండు సభల్లోనూ నెగ్గాలి. కాబట్టి రద్దు బిల్లు సంగతే అడగాలి.

మీటింగు చర్చిలోనో మసీదులోనో పెట్టొద్దు. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ కార్యకలాపాలకు వాడటాన్ని 1988 కేంద్ర చట్టం నిషేధిస్తుంది, శిక్ష ఐదేళ్ల వరకు. రేషను అడగడం పార్టీ రాజకీయం కాదు గానీ, వేదిక మీద ఎమ్మెల్యే మైకు పట్టుకుంటే ఏం మాట్లాడతాడో మన చేతుల్లో ఉండదు. కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకోండి. కానుకల డబ్బు దీనికి ముట్టుకోవద్దు.

ఎమ్మెల్యేకు ఇచ్చిన రోజే ఇంకో ప్రతి శాఖ కార్యాలయంలో ఇచ్చి, ఇన్వర్డ్ నంబరు (కాగితం అందినట్టు నమోదు చేసే నంబరు), తేదీ ముద్ర వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే ఆ శాఖకే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరకు వెళ్లింది, ఫైల్లో ఏం రాశారు, కాపీ ఇవ్వండి అని అడిగితే చాలు. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు మామూలుగా 150 మాటలు దాటకూడదు, విషయం ఒకటే ఉండాలి. నాలుగు గోడులు కలిపిన అర్జీ మీద అయితే ఈ దరఖాస్తులు కూడా నాలుగు పెట్టాలి.