చిట్టి మూత్రాశయంలో రాళ్లు: నా అనుభవం

హనుమకొండలో మా ఇంట్లో పెరుగుతున్న నాటు ఆడకుక్క చిట్టి. ఎండలు ముదిరిన రోజుల్లో దానికి మూత్రం ఇబ్బంది మొదలైంది. కూర్చోవడం, రెండు చుక్కలు పోయడం, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవడం. వేడి చేసిందిలే, మజ్జిగ పట్టించమన్నారు ఇరుగుపొరుగు. గచ్చు మీద ఎర్రటి జీర కనిపించాక ఇక ఆగలేకపోయాం.

దగ్గర్లోని డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్‌తో తగ్గింది, మందు ఆపగానే తిరగబెట్టింది. అప్పుడు ఆటోలో మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాం. “మందు మార్చడం తేలికేనమ్మా, ఏ క్రిమి మీద వాడుతున్నామో ముందు తెలియాలి కదా” అన్నారు అక్కడి డాక్టరమ్మ. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు నేల మీద పడిన మూత్రం పనికిరాదట. స్కానింగ్‌లో చూస్తూ, పొట్ట మీదుగా సన్నని సూదితో నేరుగా మూత్రాశయం నుంచే తీశారు. నాకు గుండె దడదడలాడింది గానీ, చిట్టి నా మోచేతి కింద మూతి దూర్చి కదలకుండా పడుకుంది.

ఎక్స్‌రేలో రాళ్లు స్పష్టంగా కనిపించాయి. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, మామూలుగానే ఉంది. అయితే కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాకే అది పెరుగుతుందట, అందుకే మూత్రం చిక్కదనం కూడా చూశారు. అదీ బాగుంది.

ఆపరేషన్ తప్పదనుకున్నాను. ఆడకుక్కల్లో ఇన్‌ఫెక్షన్ వల్ల ఏర్పడేవి ఎక్కువగా స్ట్రువైట్ రాళ్లేనని, అవి మందుకూ పథ్యానికీ కరుగుతాయని చెప్పారు. ఆక్సలేట్ రాళ్లయితే కరగవు, తీయించాల్సిందే. మగకుక్కల్లో మూత్రనాళం సన్నం. రాయి అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోతే తెల్లారేదాకా చూడకూడదు, ఆ క్షణమే బయలుదేరాలి.

అసలు కష్టం పథ్యంలో ఉంది. రాళ్లు కరిగించే ప్రత్యేక దాణా తప్ప ఇంకేమీ పెట్టకూడదు. పెరుగన్నం ముద్ద కోసం చిట్టి మా అత్తయ్య కాళ్ల దగ్గరే కూర్చునేది. ఆమె దాన్ని చూడలేక పెరట్లోకి వెళ్లి తినేవారు. నీళ్లు ఎక్కువ తాగాలని దాణాను నీళ్లలో నానబెట్టి పెట్టాను. రాళ్లు కరిగేదాకా యాంటీబయాటిక్ ఆపవద్దన్నారు. రాయి లోపల కూడా క్రిములు ఉంటాయట.

నెలనెలా తీసిన ఎక్స్‌రేల్లో రాళ్లు చిన్నవవుతూ వచ్చి, చివరికి కనిపించకుండా పోయాయి. ఇన్‌ఫెక్షన్ వస్తే రాళ్లు మళ్లీ కట్టే అవకాశం ఉంది కాబట్టి మూత్ర పరీక్షలు మాత్రం ఇంకా చేయిస్తున్నాం.