పిందెకి వేలు చూపించకూడదు

మా అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. ఇద్దరూ న్యూజెర్సీలోనే పుట్టారు. మా ఊరి దొడ్డి గురించి వాళ్లకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. తెనాలి దగ్గర పల్లెటూరు, నల్ల నేల. నూతి పక్కన అరటి చెట్లు, గోడ వారగా మునగ, వెనక రెండు మామిడి చెట్లు, ఒక నిమ్మ, ఒక జామ, మధ్యలో సొరపాదుకి పందిరి. అన్నం పెడుతూ మొదలుపెడితే ముద్దలు అయిపోయేవి గానీ చెట్లు అయిపోయేవి కావు.

ఒకరోజు అమ్మాయి అడిగింది: "నాన్నా, వాటిలో నువ్వు నాటింది ఏది?"

ఒక్కటీ లేదు. ఆలోచిస్తే నా జ్ఞాపకాలన్నీ తిన్నవే. జామకాయ కొరికిందీ, మామిడి రసం మోచేతి దాకా కారిందీ. చేసిందంతా అమ్మ. గిన్నెలు తోమిన నీళ్లు అరటి మొదట్లోకి పోయేలా పలుగుతో చిన్న కాలవ తీసేది. చిక్కుడుకి పేను పడితే పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి పొద్దున్నే మంచు తడి ఉండగా ఆకుల మీద చల్లేది. మునగకి గొంగళి పురుగులు పడితే కర్రకి గుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి కాగడా పట్టేది. నేను సాయానికి వెళ్తే "నీకెందుకురా, పోయి చదువుకో" అని తరిమేది. పదో తరగతి కాగానే హాస్టల్లో పడేశారు. చేతులకి మట్టి అంటకూడదనే కదా వాళ్లు నన్ను చదివించింది. ఇప్పుడు నేను నా పిల్లలకి మట్టి అంటించాలని శనివారం పొద్దున్నే దుప్పట్లు లాగేస్తున్నానని తెలిసి ఫోన్లో అమ్మ పడీ పడీ నవ్వింది.

వేసవిలో ఊరికి తీసుకెళ్తే సరిపోతుంది అనుకునేవాణ్ణి. మా స్కూళ్లు వదిలేది జూన్ మూడో వారంలో. మేం ఊరు చేరేసరికి బంగినపల్లి అయిపోతుంది, ఆవకాయ జాడీలు వాసెన కట్టేసి ఉంటాయి, రోహిణీ కార్తె వెళ్లి మృగశిర కూడా దాటుతుంది. మా పిల్లలు మామిడి చెట్టు ఎక్కారు గానీ చెట్టున కాయ చూడలేదు. ఒక ఏడాది అమ్మ వాళ్ల కోసమని పై కొమ్మన నాలుగు కాయలు కొయ్యకుండా ఉంచింది. మేం వెళ్లేసరికి టెంకలు వేలాడుతున్నాయి. మిగతాది ఉడతలు తినేశాయి. మావాడికి ఆ టెంకలే గొప్ప. కాయ చెట్టు మీదే తొక్క ఒలుచుకుని పండుతుందని తిరిగొచ్చాక వాళ్ల క్లాసులో చెప్పాడట.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ పాత చీర ముక్కల్లో విత్తనాలు మూటలు కట్టి ఇచ్చింది. సొర, బీర, గోంగూర, చిక్కుడు. తగిన సర్టిఫికెట్ లేకుండా అమెరికాలోకి విత్తనాలు తేకూడదని నాకు తెలుసు. తెలిసీ పెట్టెలో అడుగున పెట్టాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు మొక్కలూ గింజలూ ఏమైనా ఉన్నాయా అని అడిగీ అడగ్గానే మా అమ్మాయి "ఉన్నాయి, మా నాయనమ్మ ఇచ్చింది" అంది. అబద్ధం చెప్పకూడదని నేర్పింది మేమే. ఆయన మర్యాదగానే మూటలు తీసుకుని పక్కన పెట్టాడు. కారెక్కాక అది ఒకటే ఏడుపు. నిజం చెబితే నాయనమ్మ గింజలు పోయాయి. అప్పుడు నా దగ్గర దానికి జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

ఆ తర్వాత ఏప్రిల్‌లో అమ్మే వచ్చింది. అప్పటికి ఇక్కడి స్నేహితుల దగ్గర గింజలు తెచ్చి పేపర్ కప్పుల్లో మొలకెత్తించి కిటికీలో పెట్టాం. ఇంకా నేలలో వెయ్యలేదేమని అమ్మ తొందర. మా దగ్గర మే సగం దాటే దాకా మంచు భయం పోదు. ఈ చలి వేసవికి కార్తె ఏదో చెప్పమంటుంది ఆవిడ. చెప్పలేకపోయాను. మొత్తానికి నాటాం. వెదురు లేదు కాబట్టి ఇనప గొట్టాలూ నైలాన్ వలా కలిపి పందిరి వేశాం. ఆ వల చూసి "చేపలు పడతాయా" అంది అమ్మ. చిక్కుడు మొలకల్ని మాత్రం కుందేళ్లు రెండు రాత్రుల్లో కొట్టేశాయి, దాని సంగతి వదిలేద్దాం.

మా ఆవిడది కాకినాడ. ఆవిడ ఆనపకాయ అంటుంది, అమ్మ సొరకాయ అంటుంది. పిల్లలు ఎవరి దగ్గర నిలబడితే వాళ్ల మాట వాడతారు. రెండు దేశాల మధ్య పెంపకం అని మేం బెంగపడతాం గానీ, వీళ్లు రెండు జిల్లాల మధ్య అప్పటికే సర్దుకున్నారు.

జూలైలో పందిరి నిండా తెల్లపూలు. పిందెలు వేలెడంత వచ్చి పసుపెక్కి రాలిపోవడం మొదలెట్టాయి. మావాడు ఒకటి చూపించబోతే అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "పిందెకి వేలు చూపించకూడదు నాన్నా, కుళ్లిపోతుంది. చూపించాలంటే ఇలా మడిచి చూపించు." వేలు చూపించేశావు కాబట్టి కొరుక్కో అని కొరికించింది కూడా. మా అమ్మాయికి ఒళ్లు మండింది. పరాగం అందకే పిందె రాలుతుందని స్కూల్లో చదివింది, వేలికీ దానికీ సంబంధం లేదని వాదించింది. అమ్మ ఒప్పుకోలేదు. "మరి మా ఊళ్లో రాలవేం?"

మంచి ప్రశ్నే. సొరపువ్వు పొద్దుగూకాక విచ్చుకుంటుంది. దాని దగ్గరికి రావాల్సింది రాత్రి తిరిగే పురుగులు. మందులు కొట్టి దువ్వినట్టు ఉంచే గడ్డి లాన్ల మధ్య అవి ఎన్ని ఉంటాయి? జూన్, జూలైల్లో మాకు పొద్దు గుంకేది ఎనిమిదిన్నరకి. పిల్లలు పడుకునే వేళ అది. ఆ నెలంతా పడుకోలేదు. టార్చి పట్టుకుని ముగ్గురూ పందిరి కిందికి వెళ్లేవాళ్లు. సన్నటి తొడిమతో పొడుగ్గా నిలబడింది మగపువ్వు. పువ్వు వెనక మెడలా చిట్టి సొరకాయ ఉన్నది ఆడపువ్వు. అమ్మాయి మగపువ్వు కోసి, రెక్కలు ఒలిచి, మధ్యలో ఉన్న పసుప్పచ్చ పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా అద్దేది. అమ్మ టార్చి పట్టుకునేది. "పెళ్లి చేస్తున్నావా తల్లీ" అని మురిసిపోయేది. మర్నాడు ఏ పువ్వుకి చేసిందో నాకు చూపించేటప్పుడు మా సైన్సు పిల్ల వేలు మడిచి చూపించింది. నేనేమీ అనలేదు.

ఆ వేసవిలో పదకొండు సొరకాయలు కాశాయి. అందులో రెండు పక్కింటి అమెరికన్ దంపతులకి ఇచ్చాం. ఒక దాన్ని వాళ్లు ఎండబెట్టి పిట్టగూడు చేశారు. దానికి అమ్మ పడ్డ ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

సెప్టెంబరులో అమ్మ వెళ్లిపోయింది. గోంగూర నడుం ఎత్తు పెరిగింది గానీ పూతే లేదు. గోంగూర పగలు కురచ అయ్యేదాకా పూతకి రాదు. మా ఊళ్లో జూన్‌లో పగలు పదమూడు గంటలైతే ఇక్కడ పదిహేను. ఇక్కడ అది మొగ్గ తొడిగేసరికి మంచు వచ్చేస్తుంది. గింజ కట్టదు. ఆకు ఎంతైనా తినొచ్చు, మళ్లీ ఏడాదికి గింజ మాత్రం ఎవరినో అడగాలి.

అక్టోబరులో మంచు హెచ్చరిక వచ్చిన రాత్రి కుండీలోని కరివేపాకుని హాల్లోకి మోసి, గోంగూర మొత్తం మొదలంటా కోసేశాం. వంటగది నేలంతా ఆకు. మా ఆవిడ వేయిస్తుంటే ఇల్లంతా పులుపు వాసన. పిల్లలు అమ్మకి వీడియో కాల్ చేశారు. అక్కడ పొద్దు పొడుస్తోంది. ఆవిడ ఫోను పట్టుకుని దొడ్లోకి నడిచి పందిరి చూపించింది. మంచుకి తడిసిన సొరపిందెలు వరసగా వేలాడుతున్నాయి.

"నాయనమ్మా, అదిగో ఇంకోటి!" అని మావాడు గబుక్కున వేలు చాపి, గుర్తొచ్చి, మడిచి, స్క్రీన్ మీద పిడికిలి ఆనించాడు.

"ఫోన్లోంచి ఏం కాదులేరా," అంది అమ్మ. అని, మళ్లీ ఎందుకైనా మంచిదని ఫోను పక్కకి తిప్పేసింది.