ఒకే లాగిన్ నుంచి ఎవరి రోల్ వారికి: పలాసలో నా అనుభవం

పలాసలోని ఒక జీడిపప్పు యూనిట్‌లో కొనుగోళ్లు, స్టాకు చూసే సాఫ్ట్‌వేర్ నిర్వహణ నా చేతికి వచ్చేనాటికి అక్కడ అందరూ ఒకే లాగిన్ వాడేవారు. కాటా దగ్గర పిక్కల బరువు ఎక్కించే గుమస్తాకూ, గోదాము చూసే ఆయనకూ, చెల్లింపులు చేసే అకౌంటెంటుకూ అన్నీ తెరుచుకునేవి. ఎక్కించిన బరువు ఆ తర్వాత మారినట్టు తేలితే, మార్చింది ఎవరో చెప్పే ఆధారం ఉండేది కాదు. అనుమానం మాత్రం అందరి మీదా పడేది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

ముందుగా ఎవరి లాగిన్ వారికి ఇచ్చి, అనుమతులను మనుషులకు కాక వారు చేసే పనులకు కట్టాను. 1992లో డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతి ఇదే: అనుమతులు రోల్‌కు, అంటే ఒక పని పాత్రకు, ఉంటాయి, రోల్ మనిషికి ఇస్తాం, మనిషి మారితే రోల్ మాత్రమే చేతులు మారుతుంది. కాటా రోల్ బరువు నమోదు చేయగలదు, దిద్దలేదు. కొనుగోలు రాసినవారే చెల్లింపును ఆమోదించకూడదన్న నియమం దగ్గర మాత్రం నేను పట్టు విడవలేదు. "మనవాళ్లంతా నమ్మకస్తులే కదా బాబూ" అన్నారు యజమాని. నమ్మకస్తుల మీద మాట రాకూడదనే ఈ ఏర్పాటని చెప్పి ఒప్పించాను.

ఇక్కడ ప్రతి లాగినూ నేరుగా, ఈ లెక్కలన్నీ దాచే మైఎస్క్యూఎల్ అనే డేటాబేస్‌లోని ఖాతాయే. దానిలో రోల్స్ సదుపాయం 8.0 వెర్షన్‌తో వచ్చింది. అయితే రోల్ ఇచ్చాక కూడా గుమస్తా లాగిన్‌కు అనుమతి లేదనే సమాధానమే వచ్చింది. ప్రస్తుత రోల్ ఏమిటని అడిగితే 'నన్', అంటే ఏదీ లేదని చూపింది. ఇచ్చిన రోల్ లాగిన్ కాగానే దానంతట అది అమల్లోకి రాదు. 'సెట్ డిఫాల్ట్ రోల్' ఆదేశం కూడా ఇవ్వాలి. అది ఇచ్చి, మళ్లీ లాగిన్ కాగానే కాటా పని సాగింది.

చివరికి పాత ఉమ్మడి ఖాతాకు తాళం వేశాను. ఆ తాళం కొత్తగా వచ్చేవారినే ఆపుతుంది, అప్పటికే లోపల ఉన్నవారిని కాదు. అందుకే గోదాములో తెరిచి ఉంచిన కంప్యూటరు పాత పేరుతోనే పనిచేస్తూ కనిపించింది. నడుస్తున్న కనెక్షన్ల జాబితా తెప్పించి, ఆ పేరుతో ఉన్నవన్నీ తెంచాను. ఇప్పుడు బరువు దిద్దాలంటే గుమస్తా కారణం రాసి పంపాలి, అకౌంటెంటు ఆమోదించాలి. రెండు పేర్లూ ఆ లాటు పక్కనే నమోదవుతాయి.