మూడు ఏటీఎం కార్డుల ఎత్తు

గోడకి వేలాడుతున్న గిటార్ మీదికి చెయ్యి దానంతట అదే వెళ్తుంది. సంచిలో పెట్టి, జిప్పు లాగి, బీరువా మీదికి ఎక్కించిన గిటార్ పండక్కి కూడా కిందికి దిగదు. సరదాగా నాలుగు పాటలు వాయించుకోవాలనుకునే వాళ్లకి తక్కువ ధర గిటారే కొనమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. గీత పడుతుందేమో, పిల్లలు లాగేస్తారేమో అన్న బెంగ లేని వాయిద్యమే రోజూ ఒళ్లోకి వస్తుంది.

ఇంకో కారణం మన వాతావరణం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. గిటార్ ముందు పలక అంతకన్నా ఎంత పలచనో చూడండి, దాదాపు 3 మిల్లీమీటర్లు. ఖరీదైన గిటార్లలో ఆ పలక పొరలు లేని అసలు చెక్క. దానికి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. బెజవాడలో, గుంటూరులో మే నెల వడగాలికి అది ఎండి బీటలిస్తుంది, అక్టోబరు తుపాను ముసుర్లో ఉబ్బుతుంది. చౌక గిటార్ పలక ప్లైవుడ్. పొరలు అడ్డంగా, నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి ఒక పొర సాగబోతే పక్క పొర ఆపుతుంది. ఈ గట్టిదనానికి మూల్యం నాదంలో చెల్లిస్తాం. మోత తక్కువ, గుంజనం త్వరగా ఆగిపోతుంది, ఏళ్లు గడిచినా పెద్దగా తేరదు. సాయంత్రం డాబా మీద పాడుకోవడానికి అది చాలు.

ధరల్లో రెండు మెట్లున్నాయి. 38 అంగుళాల చిన్న గిటార్లు రెండు, మూడు వేలకే వస్తాయి. యమహా ఎఫ్ 310 లాంటి పూర్తి సైజువి పది వేలకి అటూ ఇటూ. రెండో మెట్టులో నెక్, అంటే ఎడం చేత్తో పట్టుకునే పొడుగాటి మెడ, తిన్నగా ఉండే అవకాశం ఎక్కువ. మొదటి మెట్టులో మాత్రం ప్రతి గిటార్‌నీ విడివిడిగా పరీక్షించాల్సిందే. ఒకే కంపెనీవి రెండు పక్కపక్కన పెడితే ఒకటి హాయిగా పలుకుతుంది, ఇంకోటి వేళ్లు కోస్తుంది. సంచి, బెల్టు, పిక్కులు, పుస్తకం కలిపి ఇచ్చే ప్యాక్‌ని చూసి మోసపోవద్దు. ఆ డబ్బు సెటప్‌కి, అంటే తీగలూ నెక్ సరిచేయించడానికి, దాచండి.

నూజివీడు వీణ మీద మెట్లు మైనంలో కూర్చుంటాయి. శ్రుతి తేడా వస్తే మైనం మెత్తబరిచి, మెట్టు జరిపి, మళ్లీ మేళం కట్టుకోవచ్చు. గిటార్ మెట్లు, అంటే ఫ్రెట్లు, చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి, జరగవు. మనం మార్చగలిగేది తీగల ఎత్తు ఒక్కటే. ఆ ఎత్తునే యాక్షన్ అంటారు. చౌక గిటార్ బాధలన్నీ దాదాపు అక్కడే పుడతాయి. తీగ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు ఎక్కువ సాగుతుంది, సాగితే స్వరం పైకి జరుగుతుంది. అందుకే ట్యూనర్‌లో ఆరు తీగలూ సరిగ్గా చూపించినా కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి పలికించే పట్టు) పట్టుకోగానే అపశ్రుతి వినిపిస్తుంది. వేళ్లు కాయలు కాసి, మూడో వారానికి గిటార్ అటకెక్కుతుంది. తప్పు వేళ్లది కాదు.

కొలవడానికి ప్రత్యేకమైన స్కేలు అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు తీసుకుని, 12వ ఫ్రెట్ మీద లావు తీగ కిందికి దొంతరగా దూర్చండి. మూడు కార్డులు తీగని లేపకుండా పట్టాలి, అంటే సుమారు 2.3 మిల్లీమీటర్లు. సన్న తీగ కింద రెండు చాలు. కొత్త చౌక గిటార్‌లో ఐదు పట్టడం మామూలే. ఐదు పట్టినంత మాత్రాన వదిలెయ్యక్కర్లేదు, సాడిల్ చూడండి. ముందు పలకకి అతికించి, తీగల అడుగు చివరలు పట్టుకునే చెక్క బ్రిడ్జ్. దాని మీద తీగలు ఆనే తెల్లటి పట్టీ అది. 12వ ఫ్రెట్ దగ్గర తగ్గించాల్సిన ఎత్తుకి రెట్టింపు సాడిల్‌లో అరగాలి. ఐదు కార్డుల నుంచి మూడుకి దింపాలంటే మూడు మిల్లీమీటర్లు పోతుంది. అరిగాక కూడా కనీసం రెండు మిల్లీమీటర్లు పైకి కనిపించాలి, లేకపోతే తీగ ఒత్తిడి తగ్గి శబ్దం చచ్చిపోతుంది. కాబట్టి ఐదు కార్డులు పట్టే గిటార్‌లో కొట్లోనే సాడిల్ ఐదు మిల్లీమీటర్లు బయటికి లేకపోతే ఆ గిటార్ నెక్ కోణమే తప్పు. దాన్ని బాగుచేయించే ఖర్చుకి ఇంకో గిటార్ వస్తుంది.

పని వరస ముఖ్యం. ముందు నెక్, తర్వాత నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ), చివరికి సాడిల్. నెక్ కోసం లావు తీగని ఒకటో ఫ్రెట్ దగ్గర, 14వ ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. విజిటింగ్ కార్డు అంత, అంటే పావు మిల్లీమీటరు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల ఉండే ఇనప కడ్డీ) గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు బిగించి, మళ్లీ ట్యూన్ చేసి, ఒక పూట ఆగి చూడాలి. బిగుసుకుపోయిన రాడ్ మరని బలవంతంగా తిప్పితే రాడ్ తెగొచ్చు, అప్పుడు బాగుచేయించడం చాలా కష్టం. మరీ చౌకవాటిలో రాడ్ అసలు ఉండదు. అలాంటి దానికి 10-47 సైజు సన్న తీగలే వేయండి. లావుపాటి 12-53 సెట్ మొత్తం నెక్‌ని 70 కిలోలకి పైగా బరువుతో లాగుతుంది.

తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఒకటో ఫ్రెట్ మీద వెంట్రుకవాసి సందు మిగలాలి. విజిటింగ్ కార్డు దూరితే నట్ గాడి ఎత్తుగా ఉన్నట్టు. గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే సన్న రంపపు పుల్లల సెట్ హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతుంది, గాడి దింపడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. రెండు రాపిళ్లకోసారి ఆగి చూడండి. ఎక్కువ దిగిపోతే గాడిలో చిటికెడు తినే సోడా వేసి, ఒక్క చుక్క ఫెవిక్విక్ పడేస్తే రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ అరగదీసి గాడి చేసుకోవచ్చు.

సాడిల్‌ని తీగలు వదులు చేసి బయటికి లాగి, తీసేయాల్సిన మేరకి అడుగున పెన్సిల్‌తో గీత గీయండి. వంటింటి గ్రానైట్ బండ మీద 120 నంబరు ఉప్పుకాగితం పరిచి, సాడిల్‌ని నిటారుగా పట్టి ఒకే వైపుకి లాగండి. అడుగు వంకరగా అరిగితే శబ్దం ఒక పక్కకే పోతుంది. గీత కంటే అర మిల్లీమీటరు ముందే ఆపి, బిగించి, వాయించి చూడండి. తీసేసింది తిరిగి రాదు. బిగించాక ఏదో ఒక ఫ్రెట్ దగ్గర మాత్రమే జరజరమంటే ఆ పక్క ఫ్రెట్ పైకి లేచినట్టు. అన్ని చోట్లా జరజరమంటే ఎక్కువ అరిగిందన్నమాట.

ట్యూనింగ్ నిలవట్లేదంటే చాలాసార్లు తీగలు బిగించే కీల తప్పు కాదు. నట్ గాడిలో తీగ అంటుకుపోయి, టిక్కుమని జారుతుంది. 2బి పెన్సిల్ పొడి గాడిలో రుద్దితే సరి. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకే తెచ్చి ఆపండి.

పాటకి కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే బిగింపు, ఒక్కటి తప్పనిసరి. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయికి మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి జి శ్రుతి కార్డ్ ఆకారాలు వాయిస్తే చాలు. ఒకటిన్నరలో పాడే అబ్బాయికి అదే కేపో, సి ఆకారాలు.

ఇక ఎండ. మధ్యాహ్నం కారు డిక్కీలో గిటార్ ఉంచితే బ్రిడ్జ్ జిగురు మెత్తబడి వెనక అంచు లేస్తుంది. పడమటి ఎండ తగిలే గోడకి కూడా వేలాడదీయొద్దు. నెలకోసారి బ్రిడ్జ్ వెనక సన్న కాగితం జొనపండి. అది లోపలికి వెళ్తే వెంటనే తీగలన్నీ వదులు చేసి, అతికించే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి.