ముక్కు బరువు

2023 మే నెలలో సెలవుకి ఇంటికొచ్చినప్పుడు నా పెట్టెలో పిల్లలకి చాక్లెట్లు, అమ్మకి టైగర్ బామ్, మా ఆవిడకి సెంటు సీసా ఉన్నాయి. వీటన్నిటి అడుగున, రెండు తువ్వాళ్ళలో చుట్టి, రిమోట్‌తో ఎగిరే చిన్న విమానానికి పెట్టే 10 సీసీ ఇంజను ఒకటి ఉంది.

ఇంధనం వాసన వచ్చే ఇంజన్ని విమానం ఎక్కనివ్వరు. అందుకని క్యాంపు బాత్రూంలో మూడు రాత్రులు దాన్ని స్పిరిట్‌తో, ఆ తర్వాత సబ్బు నీళ్ళతో కడిగాను. మా గదిలో ఉండే నిజామాబాద్ కుర్రాడు తలుపు దగ్గర నిలబడి, "అన్నా, బిడ్డకు తానం చేపిస్తున్నవా?" అన్నాడు. నవ్వాను గానీ, నేను దాన్ని పట్టుకున్న తీరు అచ్చం అలాగే ఉంది.

దుబాయ్‌లో ఓడలు రిపేరు చేసే ఒక యార్డులో పని నాది. 2011లో పైప్ ఫిట్టర్‌గా వెళ్ళాను, ఇప్పుడు ఫోర్‌మన్‌ని. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం. ఓడ నిలకడ కోసం నీళ్ళు నింపే అడుగు బ్యాలస్ట్ ట్యాంకులోకి దిగితే ఎండ పడదు కదా, కాబట్టి అది ఎండలో పని కాదని మా సూపర్‌వైజర్ల వాదన. ఆ ట్యాంకులో పది నిమిషాలు ఉంటే బూట్లలో చెమట పిండుకోవచ్చు. వారానికి ఆరు రోజులు ఇది. ఏడో రోజు బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోను, బిర్యానీ, నిద్ర.

2014లో మా యార్డు ఎలక్ట్రీషియన్, త్రిసూర్ మనిషి, ఒక శుక్రవారం నన్ను తన కారులో ఎడారిలోకి తీసుకెళ్ళాడు. ఇసుక చదును చేసి తారు వేసిన చిన్న రన్‌వే ఉందక్కడ. రిమోట్‌తో ఎగిరే విమానాలు. రకరకాల దేశాల వాళ్ళు, ఎవరి కుర్చీ వాళ్ళు వేసుకుని కూర్చున్నారు. ఇంజను స్టార్ట్ కాగానే ఒక వాసన తగిలింది. కాలిన ఆముదం! ఈ ఇంజన్లకి మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తారని అప్పటిదాకా నాకు తెలీదు. చిన్నప్పుడు కడుపు శుభ్రం కావాలని నెలకోసారి మా ముక్కు మూసి పట్టించిన ఆముదం, ఎడారిలో గాలిలో ఎగురుతోంది.

రెండు నెలల తర్వాత నేనూ ఒకటి కొన్నాను. రెక్క పైన ఉండే నేర్చుకునే రకం, 6.5 సీసీ ఇంజను, రేడియోతో సహా 950 దిర్హాములు. అప్పటి లెక్కలో పదిహేను వేల పైమాటే. ఇంటికి మాత్రం కంపెనీ గిఫ్టు ఇచ్చిందని చెప్పాను. ఆ ఏడాది చెల్లి పెళ్ళి అప్పు తీరుస్తున్నాం. గదిలో ఆరుగురం, నా మంచం కింద విమానం. జిగురు వాసనకి తలనొప్పి వస్తోందని తిట్టేవాళ్ళే నేను శుక్రవారం బయల్దేరుతుంటే రెక్క పట్టుకుని కిందిదాకా సాయం వచ్చేవాళ్ళు.

2018లో దాన్ని రెక్క రెండు ముక్కలు చేసి అట్టపెట్టెలో విశాఖ తెచ్చాను. గాజువాకలో మా డాబా మీది గదిలో నాన్న దాన్ని తాడుతో దూలానికి వేలాడదీశారు. మా ఇంటి మీదుగా నేవీ విమానాలు రోజూ పోతూనే ఉంటాయి. విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ళ డేగా స్థావరంలోనే ఉంది. కాబట్టి ఇక్కడ దీన్ని ఎగరేసే ఆలోచన లేదు, చూసుకోవడానికే.

2022 జనవరి 17న అబుదాబి మీద డ్రోన్లతో దాడి జరిగింది. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు మన దేశం వాళ్ళు. 22న ప్రభుత్వం సరదాకి ఎగరేసే డ్రోన్లనీ, తేలికపాటి విమానాలనీ ఆపేసింది. మా రన్‌వే దగ్గర గొలుసు పడింది. తప్పనలేం. కానీ శుక్రవారాలకి పనిలేకుండా పోయింది. త్రిసూర్ మనిషి మరుసటి ఏడు ఉద్యోగం మానేసి ఇంటికెళ్ళిపోతూ, తన 10 సీసీ ఇంజన్ని వంద దిర్హాములకి నా చేతిలో పెట్టాడు. అది తిరిగిన రోజులు నేను చూశాను గనక బేరం ఆడలేదు.

అలా ఇంటికొచ్చి, పాత విమానం కిందికి దించి, ప్రొపెల్లర్ తిప్పబోతే కదల్లేదు. బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. మిథనాల్ తేమని లాక్కుంటుంది. ఇంజన్లో మిగిలిన కాస్త ఇంధనం, దానికి తోడు మన సముద్రపు గాలి, ఐదేళ్ళు. ఎగరేయడం అయ్యాక బేరింగుల్లో నాలుగు చుక్కల నూనె వేసి పెట్టాలి. ఆ సంగతి తెలిసీ వెయ్యలేదు. ఇక చేతిలో ఉన్నది పెద్ద ఇంజనే.

"పెద్దదెడితే ఏటవుద్ది?" అన్నారు నాన్న. ఆయన హిందుస్తాన్ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. 1941లో యార్డుకి పునాది వేసిన సింధియా కంపెనీ పేరే ఆ చుట్టుపక్కలకి ఇప్పటికీ ఉండిపోయింది. నాన్నకి కూడా డ్యూటీ అంటే "సింధియా వెళ్ళడమే".

"ముక్కు బరువవుతుంది నాన్నా. తోకలో సీసం పెడితే సరిపోతుంది" అన్నాను.

ఫిషింగ్ హార్బరు దగ్గర వలలకి కట్టే సీసం గుండ్లు కొన్నాను. ముక్కులో ఇంజన్ని మోసే ప్లైవుడ్ గోడకి కొత్త కంతలు వేసి, వెనక మరో పలక అరాల్డైట్‌తో అతికించి, ఇంజను కూర్చునే మౌంటు వెడల్పాటిది బిగించాను. పెద్ద ఇంజను అదురుకి పాత గోడ ఊడొస్తుంది. 10 అంగుళాల ప్రొపెల్లర్ బదులు 12 అంగుళాలది పడుతుంది, అంటే నేలకి అంగుళం దగ్గరవుతుంది. ముందు చక్రం కడ్డీ మార్చి పొడుగుది వేశాను. మౌంటు వెనక ఎడమ పక్క ఒక్కో బోల్టుకి ఒక వాషరు ఇరికించి ఇంజను చూపు రెండు డిగ్రీలు కుడికి తిప్పాను. లేకపోతే థ్రాటిల్ పెంచిన ప్రతిసారీ విమానం ఎడమకి లాగుతుంది, పెద్ద ప్రొపెల్లర్‌తో ఇంకా లాగుతుంది. ఇదంతా ఒక రోజు పని. తోకలో 75 గ్రాముల గుండ్లు టేపుతో చుట్టి, రెండు స్టూళ్ళ మీద రెండు పెన్సిళ్ళు నిలబెట్టి, రెక్క ముందంచు నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర, తూకం నిలవాల్సిన గీత మీద విమానాన్ని ఆనించాను. సమంగా నిలబడింది. గొప్పగా నాన్న వైపు చూశాను.

ఆయన విమానాన్ని చూడలేదు, తోకని చూశారు. "ఓడలో ఓ కొస బరువు పెరిగితే రెండో కొసన రాళ్ళు పోస్తామేట్రా? ముందు ఉన్న సామాను జరపాలి" అన్నారు.

అప్పుడు నాన్న చెప్పారు, నేను పుట్టి పెరిగిన ఇంట్లో నాకెప్పుడూ చెప్పని సంగతి. ఓడ కట్టడం అయ్యాక దాని గరిమనాభి, అంటే బరువంతా కూడుకున్నట్టుండే బిందువు, ఎంత ఎత్తులో ఉందో కాగితం మీద నమ్మరు. గాలి లేని తెల్లవారుజామున, కట్టిన తాళ్ళు వదులు చేసి, అక్కర్లేని మనుషుల్ని దింపేసి, డెక్కు మీద తెలిసిన బరువుల్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతారు. లోపల పొడుగాటి తీగకి గుండు వేలాడదీసి, అది ఊగకుండా నీళ్ళ బకెట్‌లో ముంచి, ఓడ ఎంత ఒరిగిందో స్కేలు మీద చూస్తారు. ఆ కొలత నుంచి లెక్క కడతారు. స్కేలు దగ్గర కూర్చుని అంకె చదవడం చాలా ఓడలకి నాన్న పని. "ఆ వేళ ఎవడూ తుమ్మకూడదు" అన్నారు. నేను పన్నెండేళ్ళుగా ఓడల మధ్య బతుకుతున్నాను. వాటిని డాక్‌లో నిలబడ్డ ఇనుములా తప్ప చూడలేదు.

ఎదురు కిరాణా కొట్టులో కాటా మీద పాత ఇంజను, కొత్త ఇంజను, బ్యాటరీ విడివిడిగా తూచాం. కొట్టతను ఇంజను తీసి పక్కన పెట్టి, "కిలో ఎంత బాబూ?" అన్నాడు. కొత్తది సైలెన్సర్‌తో సహా పాతదానికంటే 230 గ్రాములు ఎక్కువ. తూకపు గీత నుంచి ముందుకి 26 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బరువుని దూరంతో గుణిస్తే 5,980. నాన్న ఒక మడత కాగితం వెనక రాసుకుంటూ పోయారు. వంద గ్రాముల బ్యాటరీ ఇప్పుడు గీతకి 20 ముందుంది. దాన్ని 25 వెనక్కి జరిపితే 45 సెంటీమీటర్ల ప్రయాణం, 4,500 పోయింది. మిగిలింది 1,480. తోక 80 సెంటీమీటర్ల వెనక ఉంది. పద్దెనిమిదిన్నర గ్రాములు. నా 75 ఎక్కడ, ఈ పద్దెనిమిదిన్నర ఎక్కడ.

పైగా కొసల్లో బరువు పెట్టిన విమానం తిరగడానికీ మొరాయిస్తుంది, తిరిగింది ఆగడానికీ మొరాయిస్తుంది. తూకం సరిపోయినా చేతికి తెలుస్తుంది ఆ బద్ధకం.

"నూనె ఎంతుంది ట్యాంకులో?" అన్నారు తర్వాత. ఖాళీ అన్నాను. "అదీ" అన్నారు. ట్యాంకు గీతకి ముందుంటుంది. నింపి తూచితే ఇంధనం తరిగేకొద్దీ బరువు వెనక్కి పోతుంది, దిగే వేళకి తోక బరువవుతుంది. ముక్కు బరువైతే విమానం మొద్దుగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే ఏమవుతుందో నేను ఎడారిలో చూశాను. ఒక పాకిస్తానీ మిత్రుడు బ్యాటరీ మార్చి తూకం చూడకుండా వదిలాడు. నేల వదిలిందో లేదో విమానం ముక్కు ఆకాశానికెత్తి, అక్కడే ఒక్క క్షణం నిలబడి, పక్కకి తిరగబడి ఇసుకలో దిగబడింది. మొత్తం కలిపి ఆరు సెకన్లు ఉండదు. విరిగిన బాల్సా చెక్క పుల్లలు ఏరుకున్నాం.

పక్కల తూకం కూడా చూడమన్నారు. షాఫ్టుకి ఒక దారం, తోకకి ఒక దారం కట్టి ఎత్తితే కుడి రెక్క దిగింది, సైలెన్సర్ కుడి పక్క ఉంది గనక. "స్టార్‌బోర్డు దిగింది. పోర్టుకి ఎయ్" అన్నారు. ఎడమ రెక్క కొసలో 12 గ్రాముల గుండు అతికించాక రెండు రెక్కలూ సమానమయ్యాయి.

అంతా సర్దుతూ లెక్క రాసిన కాగితం దాచుకుందామని తీశాను. తిప్పి చూస్తే బిల్లు. 2014 నాటి దుబాయ్ దుకాణం బిల్లు, 950 దిర్హాములు, నా పేరుతో. 2018లో అట్టపెట్టె అడుగున ఉండిపోయినట్టుంది. ఐదేళ్ళు ఆయన దగ్గరుంది. తల ఎత్తలేకపోయాను.

"మీ ఆవిడకి చెప్పలేదులే" అన్నారు నాన్న, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ.

ఎగరేయడానికి ఊళ్ళో చోటు లేదు. నేవీ స్థావరాలకి మూడు కిలోమీటర్ల లోపు ఇలాంటివి ఎగరనివ్వరు. విమానాశ్రయం గోడ నుంచి 8 కిలోమీటర్లు దాటితేనే ప్రభుత్వం డ్రోన్ మ్యాపులో ఆకుపచ్చ రంగు, అంటే ముందు అనుమతి అక్కర్లేని చోటు. అదీ 12 కిలోమీటర్ల దాకా 200 అడుగుల లోపు, ఆ తర్వాత 400 అడుగుల లోపే. చోడవరం అవతల మా మేనత్తగారి ఊళ్ళో ఎండిన చెరువు ఉంది. ఆటోలో విమానం, నాన్న, ఆయన మడత కుర్చీ. ఇంధనం నేనే కలిపాను, ఎనభై పాళ్ళు మిథనాల్, ఇరవై పాళ్ళు ఆముదం. మిథనాల్ విషం, డబ్బా మీద ఎర్ర అక్షరాలతో తెలుగులో రాసి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆరింటికే వెళ్ళాం, గాలి లేవకముందు. ఇంజను పట్టింది. ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు ఆకాశానికెత్తి పట్టుకుంటే గొంతు కాస్త తగ్గింది. ఇంధనం చాలడం లేదన్న మాట. ఇంధనాన్ని అదుపు చేసే నీడిల్ రెండు క్లిక్కులు తెరిచాను, సర్దుకుంది. గేదెల్ని తోలుకెళ్ళే పిల్లలు నలుగురు ఆగారు. వాళ్ళని నా వెనక నిలబెట్టి థ్రాటిల్ తోశాను.

సగం దాకా తొయ్యకముందే లేచిపోయింది. అవసరానికి మించిన బలం. ఫుల్ పెడితే పైకే పోతోంది, ముక్కు దిగేలా రేడియోలో కాస్త డౌన్ ట్రిమ్ కొట్టాను. పెద్ద ఇంజను ఉన్నది ఫుల్‌లో తిప్పడానికి కాదు, ఆ రెక్కలు దానికి కట్టినవి కావు. పైకి తీసుకెళ్ళి థ్రాటిల్ మూసి, ఎంత వేగానికి పడిపోతే గాలి పట్టు తప్పి జారిపోతుందో చూసుకున్నాను. విమానం మొత్తం మీద పన్నెండు శాతం బరువెక్కింది, దిగే వేగం ఆరు శాతం పెరుగుతుంది. ఆరే కదా అనుకున్నాను గానీ చెరువు గట్టు దగ్గరకొచ్చేసరికి చేతులు చెమటలు పట్టాయి. రెండోసారికి దించాను. రెండు గెంతులు గెంతి, నాన్న కుర్చీకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

ఆయన లేచి వచ్చి రెక్క మీద నూనె వేలితో తీసి వాసన చూశారు. "ఆవఁదవేరా!" అన్నారు.

జూన్ మొదట్లో నేను తిరిగి వచ్చేశాను. ట్యాంకు లోపలి పని మొదలయ్యే రోజులు. ఇప్పుడు ఆదివారం సాయంత్రాల్లో నాన్న వీడియో కాల్ చేస్తారు. అమ్మని పక్కకి జరగమని, ఫోను బీరువాకి ఆనించి నిలబెట్టి, విమానం దగ్గరికి వెళ్తారు. ఇంజన్లో నాలుగు చుక్కలు నూనె వేసి ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతారు. ఇటు నేను మంచం మీద కూర్చుని వింటాను. టుప్, టుప్.

"కంప్రెషన్ ఉందిరా" అంటారు.