నార్సింగి దగ్గర స్టెప్నీ

"జాకీ తర్వాత. ముందు నట్లు వదులు చెయ్యి," అన్నాడు బావ. కారు వెనక టైరు పంక్చరైంది. హైదరాబాద్ నార్సింగి దగ్గర సర్వీసు రోడ్డు అంచున, హజార్డ్ లైట్లు వెలిగి ఆరుతుండగా, పానా మీద కాలు పెట్టి తొక్కితే గానీ మొదటి నట్టు కీచుమనలేదు.

చక్రం గాలిలోకి లేచాక అంత బలం పెడితే బండే జాకీ మీంచి జారుతుందట. ముందు చక్రాలకు రాళ్లు కూడా అడ్డం పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అన్నాను. "అది పట్టుకునేది వెనక చక్రాలను. మనం లేపేదీ వెనకదే," అన్నాడు. నోరు మూసుకున్నాను. బావ చెప్పింది నిజమైనప్పుడు ఇంకా ఒళ్లు మండుతుంది.

బిగించేటప్పుడు ఒక నట్టు, తర్వాత దాని ఎదుటిది. పూర్తి బిగింపు మాత్రం చక్రం నేల మీద ఆనాకే.

స్టెప్నీ, అంటే బండిలో ఉంచే అదనపు చక్రం, మామూలు టైరు కన్నా బాగా సన్నం. దాని మీద గంటకు 80 కి.మీ. దాటొద్దని పసుపు రంగు చీటీ. పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో దూసుకుపోతున్నారు. మేము సర్వీసు రోడ్డు వదల్లేదు.

పంక్చర్ షాపు కుర్రవాడు మేకు తీసి చూపించాడు. స్టెప్నీకి 60 పీఎస్ఐ గాలి పట్టమంటే మాత్రం నమ్మలేదు. టైరు మీద రాసింది చదివించాల్సి వచ్చింది.